ఇల్లు కురియుటకు కారణము

ధ్యాన భాగములు: ప్రసంగి 10:18, యెహెజ్కేలు 13:10–15, కీర్తన 32



వానకాలము దగ్గరపడుచున్నది గనుక ఈ మాసము శ్లాబు కురియుటను గూర్చి వ్రాయుచున్నాను. పాస్టరుకు తాపీపనితో ఏమి నిమిత్తమని మీలో కొందరు నవ్వవచ్చును. అయితే చేతులు ముడుచుకొని కూర్చున్నవాని ఇల్లు కారునని ప్రసంగి తన గ్రంథములోనే చెప్పియున్నాడు. సామెతల గ్రంథము కూడ ఎడతెగక పడు బొట్టును రెండు మారులు తలంచినది (19:13, 27:15). ఆ వచనములను భర్తలు భార్యలకు చదివి వినిపింతురు గాని, ఆ బొట్టు పడుటకు కప్పు బాగుచేయని యజమానుడే కారకుడని ఒక్కరును అనరు!

పరిశుద్ధ గ్రంథము పుట్టిన దేశములో ఇండ్లకు చదునైన మిద్దెలే యుండెడివి. దూలములు పరచి, వాటిపై కొమ్మలును రెల్లును వేసి, ఆపైన మట్టి దట్టముగా పరచెడివారు. రాహాబు జనుపకట్టె పరచినది అట్టి మిద్దెమీదనే (యెహోషువ 2:6); పేతురు ప్రార్థనకు ఎక్కినది అట్టి మిద్దెమీదికే (అపొ. కార్య. 10:9). వాన కురిసినప్పుడు ఆ మట్టి మెత్తబడును. అప్పుడు ఇంటివాడు పైకెక్కి, రాతి రోలరును దొర్లించి, దానిని మరల బిగించుకొనవలెను. మన రాయలసీమ మట్టి మిద్దెలను ఎరిగినవారికి ఈ సంగతి క్రొత్త కాదు. వానలకు ముందు చవుడు మట్టి తెచ్చి మిద్దెమీద పోసిన తాతలు మనకుండిరి. సిమెంటు వచ్చిన తర్వాత ఈ శ్రద్ధ పోయినది. శ్లాబు వేసితిమి, ఇక మన మనుమల కాలమువరకు నిశ్చింత అనుకొంటిమి.

కాంక్రీటు చూచుటకు రాయివలె నుండును గాని రాయి కాదు. కలుపునప్పుడు సులువుగా పారవలెనని అవసరమునకు మించి నీళ్ళు పోసినయెడల, ఆ నీరు ఆరిన చోట్ల కంటికి కనబడని సన్నని రంధ్రములు మిగిలిపోవును. శ్లాబు పోసిన మరునాటినుండి దానిపై మట్టి గట్లు కట్టి, వరిమడివలె నీరు నిలుపవలెను. పూర్వపు సిమెంటుకు ఏడు దినములైనను, ఇప్పుడు దొరకు బూడిద కలిసిన సిమెంటుకు పది దినములకు తక్కువ కాకుండను తడుపవలెను. నీళ్ళు మోయువారు లేరని మూడవనాడే మానివేసినవారి శ్లాబు పుట్టుకతోనే బలహీనము. అటుపిమ్మట మన ఎండలు. మధ్యాహ్నము కాలు మోపలేనంత కాగి, సాయంకాలము జల్లు పడగానే చప్పున చల్లారును. ఈ సాగుటలోను ముడుచుకొనుటలోను నెఱ్ఱెలు పుట్టును. పిట్టగోడయు శ్లాబును కలియు మూల మొదట విచ్చును. తూము ఆకులతో పూడియున్నయెడల నీరు అక్కడనే నిలిచి తన దారి వెదకుకొనును.

ఇక్కడ మేస్త్రీలు చెప్పు ఒక మాట చాల గమనింపదగినది. బొట్టు పడిన చోటికి సరిగా మీదనే నెఱ్ఱె యుండవలెనని లేదు. నీరు ఒక మూల దిగి, లోపల ఊచల వెంబడి ప్రాకి, పది అడుగుల అవతల బయటపడును. ఊచలకు తుప్పు పట్టును. తుప్పు ఇనుముకంటె ఎక్కువ చోటు తీసికొనును గనుక, అది ఉబ్బి క్రింది కాంక్రీటును పెచ్చులు పెచ్చులుగా త్రోసివేయును. గోధుమరంగు మరక కనబడినప్పటికే లోపల చాల జరిగియుండును.

ఒక గ్రామ సంఘములో బల్లారాధన బల్లకు సరిగా పైని అట్టి మరక యొకటి కనబడెను. క్రిస్మసు దగ్గరకు వచ్చుచుండగా పెద్దలు మేస్త్రీని పిలిపించి, “ఏమయ్యా మేస్త్రీ, ఆ మరక కనపడకుండా రెండు పూతలు సున్నం వెయ్యి” అనిరి. అతడు మన సంఘస్థుడు కాడు. “పెద్దయ్యగారూ, కింద పూస్తే మీకు కనపడదు గాని, వానకి కనపడుద్దండి” అనెను. అయినను పెద్దలు పూయించిరి. తరువాతి వానకాలమున మరక రెండింతలై వచ్చెను. బలహీనమైన గోడకు సున్నము పూసి, క్షేమమే క్షేమమే అని జనులకు చెప్పినవారిని గూర్చి యెహెజ్కేలు పదమూడవ అధ్యాయములో చదువుచున్నాము. వర్షము ప్రవాహముగా కురియునప్పుడు ఆ పూత ఏమాయెనని జనులు అడుగుదురని అక్కడ వ్రాయబడియున్నది.

కీర్తన 32లో దావీదు రాజు కప్పుటను గూర్చి రెండు చోట్ల పలికెను. మొదటి వచనములో పాపము కప్పబడినవాడు ధన్యుడు. అయిదవ వచనములో తన దోషమును తాను కప్పుకొనలేదని చెప్పుచున్నాడు. హెబ్రీ భాషలో రెండు చోట్లను మాట ఒక్కటే. మనుష్యుడు కప్పినప్పుడు ఎముకలు క్షీణించెనని మూడవ వచనము. దేవుడు కప్పినప్పుడు ధన్యత. మనము కప్పునది ఇంటిలోపలి నుండి, నలుగురు చూచు వైపున. ఆయన కప్పునది పైనుండి, వాన పడు వైపున. అప్పుల సంగతి భార్యకు తెలియకుండ, త్రాగుడు సంగతి సంఘమునకు తెలియకుండ, అన్నదమ్ముల పొలము గట్టు సంగతి పాస్టరుకు తెలియకుండ సున్నము పూసికొని ఆదివారము తెల్లబట్టలతో వచ్చి కూర్చుండువారు ఈ కీర్తనను నెమ్మదిగా చదువుదురు గాక.

ఇక పని జరుగవలసిన విధము. ఎండకాలములోనే పూనుకొనవలెను. మొదట పాచి, మట్టి, వదులైన పూత అంతయు గీకి కడుగవలెను. పిట్టగోడలో రావిమొక్క మొలచినయెడల ఆకులు త్రుంచి విడిచిపెట్టక, గోడ కొట్టియైనను వేరు తీయవలెను; హెబ్రీ పత్రిక 12:15 చెప్పు వేరు సంగతియు అట్టిదే. నెఱ్ఱెను ఉలితో వెడల్పు చేసి, కడిగి, తడిపి, నీటినాపు మందు కలిపిన సిమెంటుతో నింపవలెను. గోడయు శ్లాబును కలియు మూలను గుండ్రముగా మలచవలెను. తరువాత పైనంతయు పది అడుగులకు అంగుళమున్నర చొప్పున తూమువైపు వాలునట్లు పూత వేసి, మరల ఏడు దినములు తడుపవలెను. తూము గొట్టము గోడ వెలుపలికి జానెడైనను పొడుచుకొని రావలెను. లేనియెడల నీరు గోడనే తడుపును. చివరకు తూము మూసి, రెండంగుళముల నీరు రెండు దినములు నిలిపి, క్రింద చెమ్మ కనబడదని రుజువు చూచుకొనవలెను. రుజువు చూడక మేస్త్రీకి కూలి అంతయు ఇచ్చువారు ఉదారులే గాని తెలివైనవారు కారు.

పాత మిషను బంగళాలపై బెల్లము, కరక్కాయ నానిన నీటితో సున్నమును ఇటుక ముక్కలను కలిపి, కూలీలు వరుసగా కూర్చుండి దినముల తరబడి కొయ్యలతో కొట్టిన గచ్చు నేటికిని కొన్ని చోట్ల నిలిచియున్నది. అంత ఓపిక ఇప్పుడు కొనుటకు దొరకదు.

ఒక హెచ్చరిక. కారినప్పుడెల్ల పూతమీద పూత వేయుచు పోరాదు. నూరు చదరపు అడుగులమీద ఒక అంగుళము పూత సుమారు అయిదు వందల కిలోల బరువు. క్రింద ఊచలు తుప్పుపట్టిన శ్లాబు ఆ బరువును మోయునని ఎవరు చెప్పగలరు? క్రిస్మసు నక్షత్రము కొరకు శ్లాబులో మేకులు దిగగొట్టు యౌవనులు కూడ ఈ మాట విందురు గాక. వెదురును పిట్టగోడకు త్రాటితో కట్టవచ్చును.

మన మందిరమునకు రంగు వేయుటకై కోతపండుగ కానుక నిలువయున్నది. మన పేట చివర కాలనీ ఇంటిలో మనుమరాలితో కాపురమున్న విధవరాలి శ్లాబునుండి గత తుపానునాడు అరచేతి మందము పెచ్చు ఊడి మంచముమీద పడెను. బిడ్డ అప్పుడు బడిలో నుండెను. ఊచలు బయటపడి యున్నవి. అక్కడ పూత చాలదు; సర్వి గుంజలతో పోట్లు పెట్టి, వదులైనదంతయు కొట్టి, తుప్పు గీకి, తినివేయబడిన ఊచల ప్రక్కను క్రొత్తవి కట్టవలెను. ఈ పని ఎరిగిన ఇంజనీరుగాని పెద్దమేస్త్రీగాని వచ్చి చూడవలెను. రంగు మరియొక సంవత్సరము ఆగవచ్చునని నా అభిప్రాయము. కొందరు పెద్దలకు ఇది ఇష్టము లేదు. దాతల పేర్లు వ్రాయించిన కానుక మందిరమునకే చెందవలెనని వారి వాదము. వారి మాటలో న్యాయము లేదనను. అయితే యాకోబు 1:27 వారికిని నాకును ఒకటే.

వచ్చు ఆదివారము ఆరాధన తరువాత సంఘము కూడి దీనిని తీర్మానించును. తీర్మానము ఏదైనను, ఆ పిల్లయు అవ్వయు పని ముగియువరకు పండుకొనుటకు ఒక గది కావలెను. గోనెసంచులును వరిగడ్డియు ఎవరియొద్దనైన నున్నయెడల, తడుపు దినములకై స్త్రీల సమాజమువారికి అప్పగింపుడి.