నమ్మని గొంతులో పరలోకం

అమెరికాను ఆర్థిక మాంద్యం ఇంకా వదలని 1936లో, వర్జీనియా కొండప్రాంతపు కార్టర్ ఫ్యామిలీ ఒక క్రైస్తవ గీతాన్ని రికార్డు చేసింది. ఈ లోకంలో కష్టకాలం తప్పదు గానీ పరలోకంలో మాంద్యం ఉండదన్నది దాని సారాంశం. 1990లో, సెయింట్ లూయిస్ నగరానికి దగ్గరలోని బెల్‌విల్ కుర్రాళ్లు అంకుల్ టుపెలో పేరుతో అదే పాటను తమ తొలి ఆల్బమ్‌లో పాడారు. ఆల్బమ్‌కీ ఆ పేరే పెట్టారు: ‘నో డిప్రెషన్’. 1995లో అదే పేరుతో ఒక పత్రిక వచ్చింది. పంక్ హోరు, పల్లెపాటల దిగులు కలిసిన ఆల్ట్-కంట్రీకి కొన్నాళ్లు అదే మారుపేరుగా చెలామణి అయింది. చర్చి పాట బార్లలో వినిపించే సంగీతానికి జెండా అయిందన్నమాట. ఆ సంగీతాన్ని ప్రాణంగా చూసుకునే అభిమానుల్లో పరలోకాన్ని నమ్మనివాళ్లూ ఉన్నారు. ఆ పాటకు వాళ్ల గొంతు పూడుకుపోతే అది ఆత్మవంచనా? కాదనే నేనంటాను.

భక్తిగీతంలో సిద్ధాంతం ఉంటుంది, నిజమే. కానీ దానికి ప్రాణం పోసేది కోరిక. పరలోకం ఉందన్న మాట నిజమో అబద్ధమో తేల్చమని అడగవచ్చు. ఈ బాధ లేని చోటు ఒకటుంటే బాగుండునన్న ఆర్తిని మాత్రం అలా అడగలేం. కార్టర్ల పాటల్లో, ఆ కుటుంబంలోని మేబెల్ గిటారు వినండి. బొటనవేలు మంద్రపు తీగల మీద వరస పలికిస్తుంటే, మిగతా వేళ్లు పై తీగలను మీటుతూ లయ నడుపుతాయి. ఒకసారి విన్నవాళ్లు రెండోసారి గొంతు కలపగలిగేంత సాదా వరస. సంఘమంతా కలిసి పాడుకునే పాటకు ఉండాల్సిన గుణమే అది. గొంతు కలిపే ముందు నీ విశ్వాసమేమిటని అది ఎవరినీ నిలదీయదు. అంకుల్ టుపెలో గాయకుడు, ఇరవై మూడేళ్ల జే ఫరార్ బరువైన గొంతుతో ఆ పాట పాడినప్పుడు అందులో వెక్కిరింత లేదు. ఆ మర్యాదే నాకు అన్నిటికన్నా పెద్ద ఆధారం.

దీనికి అభిమానుల వైపు నుంచే ఒక అభ్యంతరం వస్తుంది. పాట సాక్ష్యం లాంటిది, అనుభవించనివాడి సాక్ష్యం చెల్లదని వాళ్లంటారు. గాయకుల వార్తల కోసం అంతగా వెతకడం వెనుక ఈ పట్టింపు కూడా ఉంది. ఎవరు తాగుడు మానారు, ఎవరి కాపురం చెదిరింది, ఏ పాట ఎవరి గాయం? గాయకుడు జేసన్ ఇస్బెల్ 2012లో మద్యం మానేశాడని తెలిసి, అతని 2013 నాటి ఆల్బమ్ ‘సౌత్‌ఈస్టర్న్’ వింటే పాటలు ఇంకా దగ్గరవుతాయి. అది నేను కాదనను. కానీ జీవితాన్నే గీటురాయి చేస్తే లెక్క కుదరదు. అన్నదమ్ములు చార్లీ, ఇరా లూవిన్ 1959లో ‘సాతాన్ ఈజ్ రియల్’ అనే భక్తి ఆల్బమ్ తెచ్చారు. ఇరా తాగి, కోపంలో మాండొలిన్లు పగలగొట్టిన మనిషి. అయినా ఆ పాటల్లోని భయం నకిలీది కాదు. అటుపక్క లాస్ ఏంజెలెస్‌లో పెరిగిన గిలియన్ వెల్చ్, అపలాచియా కొండల బాణీలో దైవాన్ని పాడితే అరువు సొత్తన్నారు. కానీ ఆమె పాట ‘ఆర్ఫన్ గర్ల్’ను ఎమిలూ హారిస్ వంటి గాయని 1995లోనే తన పాటగా పాడుకుంది. పాట సత్యం పాడేవారి పుట్టిల్లు చూసి రాదు.

విశ్వాసుల అభ్యంతరం ఇంతకంటే బలమైనది. మూల్యం చెల్లించకుండా మాధుర్యం మాత్రం తీసుకుంటున్నారని వాళ్ల మాట. ఆదివారం ప్రార్థన, పశ్చాత్తాపం, పొరుగువాడి బాధ్యత ఇవేవీ లేకుండా పాట మాత్రం కావాలా? ఈ మాటకు తల వంచాల్సిందే. నమ్మని శ్రోతకు ఆ పాటలో వాగ్దానం దొరకదు, దాని కోసం ఆరాటమే దొరుకుతుంది. అయితే ఆ ఆరాటాన్ని మతం ఎప్పుడూ తక్కువ చేయలేదు. మన నవవిధ భక్తుల్లో మొదటిది శ్రవణం. దానికి ఉదాహరణగా చెప్పే పరీక్షిత్తు చావు ముంగిట కూర్చుని విన్నవాడు. అతనికి విశ్వాసం ఉంది, ఈ అభిమానికి లేదు. ఆ తేడాను చెరిపేయాలని నేను చూడను. కానీ ఆదివారం చర్చి బెంచీల మీద కూడా సందేహాలతో నలుగుతూ, పాట దగ్గరికి వచ్చేసరికి నోరారా పాడేవాళ్లుంటారు. వాళ్లను ఏ పాదిరీ ఆ చరణం దగ్గర నోరు మూసుకోమనడు. అదే చరణం రికార్డులో వింటున్న అభిమానిని మాత్రం వంచకుడనడానికి నాకు కారణం కనిపించడం లేదు.