పడుగు కొసలు

ధర్మవరంలో ఒక ముసలి నేతగాడు. పట్టుచీరలు నేసి నేసి, మగ్గాలున్న ఇల్లొకటి, పెనుకొండ దగ్గర నాలుగెకరాల మెట్ట సంపాదించాడు. ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ వచ్చినాక ఆ మెట్టను అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. కొడుకులిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడటం మానేశారు. వీలునామా సంగతి ఎవరైనా ఎత్తితే ముసలాయన కసిరేవాడు: "నేనింకా సావలేదు!"

ఒకనాడు హిందూపురం నుంచి బావమరిది వచ్చాడు. ఒకప్పుడు బెల్లం వ్యాపారంలో పేరున్న మనిషి. చేతిలో గుడ్డసంచి తప్ప ఏమీ లేదు.

"ఉన్నదంతా కొడుకు పేరున గిఫ్ట్ రిజిస్టర్ చేయించినా బావా. నన్ను చూసుకోవాలని ఒక్క ముక్క రాయించలేదు. కన్నకొడుకు దగ్గర షరతులేందని అనుకున్నా. ఇప్పుడు నా ఇంట్లో నేనే అన్నం అడుక్కోవాల్సొచ్చె."

ఆ రాత్రి ముసలాయనకు కన్నంటలేదు. తెల్లారి చూస్తే కూతురు మగ్గం ముందు కూర్చుని ఉంది. వేళ్లకు బూడిద అద్దుకుని, అయిపోయిన పడుగు కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటే మెలేసి అతుకుతోంది. పక్కనున్న మనవడు అడిగాడు: "ఈ పాత దారం కోసి పారేయొచ్చు కదమ్మా?"

"కొసలు వదలకపోతే పోగులన్నీ మళ్లీ అచ్చులోంచి దూర్చాల నాయనా. అన్ని దినాలు మగ్గం నిలిచిపోతుంది."

ముసలాయన ఆ పూటే ముగ్గురు బిడ్డలనూ పిలిచాడు. తెల్లకాగితం మీద వీలునామా రాయించాడు. సాక్షులుగా తన ఈడు వాళ్లను కాక, తన తర్వాత కూడా ఉండి చెప్పగల ఇద్దరు నడివయసు వాళ్లను పిలిపించి, వాళ్ల ఎదుటే సంతకం పెట్టి, వాళ్లచేతా పెట్టించాడు. చెల్లెలికీ వాటా ఏమిటని పెద్దోడు గొణిగాడు. "నేను నేసిన చీరలకు పడుగులు అతికిందెవరురా?" అన్నాడు తండ్రి. ఆయన పోయాక ముగ్గురూ కలిసే వీలునామా, మరణ ధ్రువపత్రం పట్టుకుని తహసీల్దారు ఆఫీసుకు వెళ్లారు.

నీతి: సంపాదించినవాడే కొసలు కూడా వదిలి వెళ్లాలి. వీలునామాకు స్టాంపు కాగితం అక్కర్లేదు, రిజిస్ట్రేషనూ తప్పనిసరి కాదు, చేయిస్తే బలం. బతికున్నంతకాలం మార్చుకోవచ్చు. 1925 వారసత్వ చట్టం 2025 దాకా హిందువుల వీలునామాలకు ప్రొబేట్ (కోర్టు ధ్రువీకరణ) తప్పనిసరిగా ఉంచింది మద్రాసు, బొంబాయి, కలకత్తాల వైపే. మన సీమ పల్లెకు ఆ కోర్టు తిప్పట రాలేదు. అయితే స్వార్జితమంతా రాయొచ్చు గానీ, పిత్రార్జితంలో తన వాటా వరకే రాయగలరు. అందులో ఆడబిడ్డలకూ హక్కుంది. 1985లో హిందూపురం నుంచి గెలిచిన ఎన్టీఆర్ ప్రభుత్వమే 1986లో, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు కొడుకులతో సమాన వాటా ఇచ్చింది. 2005లో దేశమంతా ఆ దారికి వచ్చింది. వీలునామాలో కూతురి పేరు మరిచిపోయే తండ్రులను చూస్తే నాకు ఇప్పటికీ బాధేస్తుంది.

బతికుండగానే ఇచ్చేయాలనుకునేవాళ్లు మరింత జాగ్రత్త పడాలి. వీలునామాలా గిఫ్టును మనసు మారినప్పుడు వెనక్కి తీసుకోలేం. అందుకే పోషించాలన్న షరతు దస్తావేజులోనే రాయించండి. అది ఉండి, బిడ్డలు చూడకపోతే, 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం 23వ సెక్షన్ కింద ఆ బదిలీని రద్దు చేయమని ట్రిబ్యునల్‌ను అడగొచ్చు. హిందూపురం వాళ్లు ఆ అర్జీ పట్టుకుని వెళ్లాల్సింది పెనుకొండ ఆర్డీవో దగ్గరికి.