అజాగ్రత్తయు హింసయే

కీడు చేయవలెనన్న తలంపు లేనివాని వలన కీడు జరిగినచో ఆ దోషము వానికి అంటునా, అంటదా? ఈ ప్రశ్న కొత్తది కాదు. ధర్మగ్రంథములును న్యాయస్థానములును దీనిని పలుమారులు విచారించినవి. అయినను పసిబిడ్డలు చదువుకొను బడి గడపలో నిలిచి అడిగినప్పుడు దీని బరువు వేరుగా తోచును.

2004వ సంవత్సరము జూలై 16వ తేదీన తంజావూరు జిల్లాలోని కుంభకోణములో ఒక పాఠశాలకు నిప్పంటుకొన్నది. మధ్యాహ్న భోజనము వండుచున్న పాకలో పుట్టిన మంట మేడమీది తరగతుల ఆకుల కప్పుకు ప్రాకినది. దిగివచ్చుటకు మెట్లు ఇరుకు. 94 మంది పిల్లలు మరణించిరి. సరిగా తొమ్మిదేండ్లకు, 2013 జూలై 16న, బీహారులోని సారణ్ జిల్లాలో ఒక గ్రామపు బడిలో మధ్యాహ్న భోజనము తిని 23 మంది పిల్లలు కన్ను మూసిరి. వంటలో పురుగుల మందు కలిసినదని పరీక్షలలో తేలినది.

కుంభకోణములో ఆ నిప్పును ఎవ్వరును కావలెనని పెట్టలేదు. ఆకుల కప్పు దాచిపెట్టిన వస్తువు కాదు. పొయ్యి రహస్యము కాదు. ఇరుకు మెట్ల మీదుగానే ప్రతిదినము ఎక్కి దిగుచుండిరి. చూచినవారు పలువురు, చూచినదానిని గూర్చి ఆలోచించినవారు లేకపోయిరి.

గృహస్థునకు సంపూర్ణాహింస సాధ్యము కాదని జైనధర్మమే అంగీకరించినది. సంకల్పి, ఆరంభి, ఉద్యోగి, విరోధి అని హింసను నాలుగు తెఱగులుగా విభజించి, వానిలో సంకల్పముతో చేయు హింసను అణువ్రతి తప్పక విడువవలెనని పెద్దలు చెప్పిరి. పొయ్యి వెలిగించుటలో, ఇల్లు కట్టుటలో, వ్యాపారము నడుపుటలో కొంత హింస తప్పనిదే. దీనిని ఆధారము చేసికొని ఒకరు ఇట్లు వాదింపవచ్చును: “బడి కట్టించుట పుణ్యకార్యము. అందులో అనుకోకుండ జరిగిన ప్రమాదము ఆరంభహింస వంటిది. సంకల్పము లేదు గనుక దోషమును లేదు.”

వినుటకు ఈ వాదము సబబుగానే ఉన్నది. కాని ఇందులో ఒక మాట జారిపోయినది. మన్నింపు తప్పించుకొనరాని హింసకే గలదు. తప్పింపగలిగియు తప్పింపని దానికి లేదు.

అనంతపురము జిల్లాలోని కొనకొండ్లతో పరంపర ముడిపెట్టుచున్న కుందకుందాచార్యులు ప్రవచనసారములో ఈ చిక్కును విప్పిరి. యత్నము లేక నడచువానికి, ప్రాణి చచ్చినను బ్రతికినను, హింస నిశ్చయమే. జాగరూకుడై నడచువానికి ప్రాణి మరణించినంత మాత్రమున బంధము లేదు అని వారి అభిప్రాయము.

దీనినుండి రెండు సంగతులు తేలుచున్నవి. చేయవలసిన జాగ్రత్తలన్నియు చేసిన పిమ్మట ఆపద వచ్చినచో ఉపాధ్యాయుని హంతకునిగా చూడరాదు. ఇది ఊరట కలిగించు సంగతి. రెండవది కఠినమైనది: “ఇన్నాళ్లు ఏమియు కాలేదు గదా” అనుట జవాబు కాదు. వెనుక వాకిలికి తాళము వేసియుంచినవాని ఖాతాలో, ఆ తాళము వలన నేడు ఎవ్వరికిని హాని కలుగకపోయినను, పద్దు నేడే పడుచున్నది. గడువు రాలేదని అప్పు లేదనువాడు వర్తకుడగునా?

కుంభకోణము దుర్ఘటన దరిమిలా వచ్చిన వ్యాజ్యములో 2009 ఏప్రిల్ 13న భారత సుప్రీంకోర్టు, విద్యాహక్కులోనే సురక్షితమైన బడిలో చదువుకొను హక్కు ఇమిడియున్నదని తీర్పు చెప్పినది. చదువు వేరు, రక్షణ వేరు కాదన్నమాట.

హాని నిప్పు రూపముననే రాదు. బెత్తము రూపమున వచ్చును. 2009 నాటి విద్యాహక్కు చట్టము శరీరదండనను, మనసును నొప్పించు వేధింపును నిషేధించినది. నోట చెప్పుటకు సిగ్గుపడు రూపమునను వచ్చును. బాలలను లైంగిక నేరములనుండి కాపాడుటకు 2012లో చేసిన చట్టము ప్రకారము, అట్టి నేరము జరిగినదని తెలిసియు తెలియజేయకుండుటయే నేరము. ఇక్కడ వర్తక కుటుంబములకు ప్రత్యేకముగా ఒక పరీక్ష గలదు. వ్యాపారమునకు పేరే మూలధనము. ట్రస్టు బడిలో ఒక బిడ్డ ఏడ్చుచు ఏదైన చెప్పినప్పుడు, “సంఘము పరువు పోవును, ఊరకుండుడు” అను సలహా పెద్దల నోటనే రావచ్చును. బిడ్డ మాటను అణచి నిలుపుకొన్న పరువు దొంగ తూకముతో వచ్చిన లాభము వంటిది. అది కొన్నాళ్లు పెట్టెలో ఉండును గాని న్యాయమైన ఆస్తి కాదు.

అట్లని భయముతో బిడ్డలను కదలనీయక కూర్చుండబెట్టుట రక్షణ కాదు. ఆడుకొను బిడ్డ మోకాలు గీచుకొనును. చెట్టెక్కినవాడు ఒకప్పుడు జారును. ఇట్టివి పెరుగుటలోని భాగములు. పెద్దలు తొలగింపవలసినది బిడ్డ తాను చూడలేనిది, చూచినను మార్చలేనిది. నూనె డబ్బాలో ఏమున్నదో బిడ్డకు తెలియదు. ఆటోలో ఎందరిని కుక్కవచ్చునో బిడ్డ నిర్ణయింపడు. మూత లేని నీటితొట్టికి మూత వేయించుట బిడ్డ వశము కాదు.

బడికి ధనమిచ్చిన దాత పేరు గోడమీది రాతిపలకపై చెక్కబడును. అది తప్పు కాదు. కాని పలక పెట్టించినవాడు ఏడాదికొకసారియైన ఆ మెట్లెక్కి దిగవలెను. వంటయిల్లు తరగతులకు ఎంత ఎడమున ఉన్నదో, పిల్లలకు వడ్డించుటకు ముందు పెద్దలొకరు అన్నము రుచి చూచుచున్నారో లేదో, వెనుక వాకిలి తెరచుకొనునో లేదో చూడవలెను. దుకాణము మూయునప్పుడు తాళము లాగి చూచుట, దీపము ఆర్పితిమా అని తిరిగి చూచుట ప్రతి వర్తకునకును అలవాటే. సరకుపై చూపు ఆ శ్రద్ధ చాలును. కొత్తగా నేర్వవలసినది లేదు.

కంటికి కనబడని జీవులు నశించునని నీటిని గుడ్డతో వడగట్టి త్రాగు ఇండ్లివి. ఆ గుడ్డ పట్టుకొన్న చేతికి, కంటి ఎదుట నున్న బడి మెట్లను తడిమి చూచుట బరువు కారాదు.