నిదానమైన నిప్పు

ధ్యాన పాఠములు: ఆదికాండము 25:29–34, ప్రకటన 3:14–16, యోహాను 21:9–13



మిరపకోతల దినములలో మన పల్లెలలో కోడి కూయకముందే పొయ్యిలు వెలుగును. తల్లులు చీకటితోనే వండి, సద్దిమూట కట్టుకొని కూలికి పోవుదురు. అట్టి దినములలో ఒకనాడు అడవి అంచుననున్న ఒక గూడెమునకు వెళ్లి, కూలికి పోలేని ఒక ముసలి తల్లిని దర్శించితిని. ఆమె వాకిట దాలిగుంటలో పిడకల నిప్పుమీద ఉలవల కుండ పెట్టుకొని కూర్చుండెను. నేను మరి కొన్ని ఇండ్లు తిరిగి, ప్రార్థన చేసి, మధ్యాహ్నమున ఆ దారినే వచ్చునప్పటికి ఆ కుండ ఇంకను ఉడుకుచునే యుండెను.

“అవ్వా, నాలుగు కట్టెలు ఎక్కువ పెడితే తొందరగా కాదా?” అని అడిగితిని.

ఆమె నవ్వి, “అయ్యగారూ, మంట పెంచితే అడుగు మాడుద్ది, పైన పలుకు పోదు. ఉలవ మొండిది. దానికి మంట కాదు, ఓపిక కావాలె” అనెను.

ఉలవచారు మీకు తెలియనిది కాదు. రాత్రి నానిన ఉలవలు గంటలకొలది ఉడుకును. ఉడికిన ఉలవలు ఎడ్లకు దాణా యగును. వంచిన కట్టు చింతపండు పులుసుతో మరల సన్నని మంటమీద మరిగి, చిక్కబడి, ఇంటివారికి చారగును. ఒక్క కుండ కాపుదలతో పశువులకును మనుష్యులకును కడుపు నిండును. ఆ కుండ ప్రక్కన నిలిచి నేను నేర్చుకొనిన మూడు సంగతులు మీతో చెప్పగోరుచున్నాను.

మొదటిది, కాలము. మన అడవిలో దొరకు దుంపలలో కొన్ని విషము గలవి. కోయలు, కొండరెడ్లు వాటిని పలుచగా తరిగి, పారు వాగునీటిలో దినములతరబడి నానవేసి, బాగుగా ఉడికించి తిందురు. ఆకలికి తాళలేక ముందే తినినవాడు ప్రాణము మీదికి తెచ్చుకొనును. ఏశావు చేసినది ఇదియే. అతడు పొలమునుండి అలసి వచ్చెను. ఎదుట ఎఱ్ఱని వంటకము ఉడుకుచుండెను. తండ్రియైన ఇస్సాకు గుడారము దూరము కాదు. కొంచెము ఓర్చుకొనియుండినయెడల అతనికి అన్నము దొరకకపోవునా? ఒక్కపూట ఆకలికి జ్యేష్ఠత్వమును అమ్మివేసి, కడుపు నింపుకొని, ఏమియు జరుగనట్లు లేచి పోయెను.

తమ్ముడా, నిన్నడుగుచున్నాను. మిరప కల్లములోనికి రాకముందే, బండి కొనుటకు పంటమీద అప్పు తెచ్చిన దినము నీవు అమ్మినదేమి? సాయంకాలపు సీసా కొరకు నీ బిడ్డ బడి పైకము తీసిన దినము అమ్మినదేమి? ఏశావు కుండ నేటికిని మన వీధులలో ఉడుకుచునే యున్నది.

రెండవది, వేడిమి. ఓపిక అనగానే నిప్పు ఆర్పుకొని కూర్చుండుట అని కొందరు తలంచుచున్నారు. వంట తెలిసిన తల్లి అట్లు తలంపదు. ఆమె కుండను మొదట బాగుగా పొంగనిచ్చి, తరువాతనే మంట తగ్గించును. తగ్గించినను కుండ అంచున చిన్న బుడగ వచ్చుచునే యుండవలెను. గోరువెచ్చగా విడిచిన కూర సాయంకాలమునకు పులిసిపోవును. వండిన ఆహారమును 60 డిగ్రీల వేడికి తగ్గకుండ ఉంచవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు చెప్పుచున్నారు. అంతకు తగ్గిన వెచ్చదనములో రోగక్రిములు త్వరగా పెరుగును. నెమ్మదిగా ఉడుకుట వేరు, నులివెచ్చగా చెడుట వేరు.

లవొదికయ సంఘముతో ప్రభువు చెప్పినది దీనినే జ్ఞాపకము చేయుచున్నది. ఆ సంఘము చల్లగానులేదు, వెచ్చగానులేదు. ఆయన నోటికి అది సహింపలేదు. మనలో గట్టు తగాదాతో మాటలు మానుకొనిన అన్నదమ్ములు కలరు. “కాలమే సర్దును, అయ్యగారూ” అందురు. కాలము ఒక్కటే ఏమియు సర్దదు. నిప్పులేని కుండ పదిదినములున్నను పప్పు ఉడకదు, పురుగు పట్టును. ఒకరి గుమ్మము ఒకరు తొక్కి, “అన్నా, నాదే తప్పు” అను ఒక్క మాటయైనను రగిలించినప్పుడే కాలము పని చేయును.

మూడవది, ఆ కుండ ఎవరికొరకు? విశ్రాంతి దినమున ఇండ్లలో నిప్పు రాజేయకూడదని ఇశ్రాయేలీయులకు ఆజ్ఞ యుండెను (నిర్గమ 35:3). గనుక యూదుల ఇల్లాండ్రు ముందు దినమే మాంసమును, గింజలను కుండకెత్తి, సూర్యుడు అస్తమించకముందే పొయ్యిమీదనో, ఊరి రొట్టెల పొయ్యిలోనో ఉంచుట అలవాటు చేసికొనిరి. అది రాత్రియంతయు మగ్గి, మరునాడు ఆరాధన ముగిసి వచ్చిన ఇంటివారికి వేడిగా నుండును. వండిన తల్లియు ఆ దినమున విశ్రమించును. లిథువేనియా దేశములోని ఈ ఆచారమునుగూర్చి తన తల్లి చెప్పగా వినిన ఇర్వింగ్ నాక్సన్ అను యూదుడు అమెరికాలో విద్యుత్తుతో సన్నగా వండు కుండను చేసి, 1940లో దానికి పేటెంటు పొందెను. 1971లో అది క్రాక్‌పాట్ అను పేరుతో అంగళ్లకు వచ్చెను. నేడు అమెరికాలో మన తెలుగు బిడ్డలును ఉదయము పప్పో మాంసమో అందులో వేసి ఉద్యోగమునకు పోయి, సాయంకాలము వేడిగా తినుచున్నారు. ఒక తల్లికి విశ్రాంతి నిచ్చుటకు పుట్టిన కుండ అది.

మన ఇండ్లలో అట్లున్నదా? ఇక్కడ నా తప్పు ఒప్పుకొనవలెను. ఒక సంవత్సరము కోతల కాలమున మూడు గ్రామములు తిరిగి ఆకలితో ఇంటికి చేరితిని. నా భార్య అప్పుడే చేనినుండి వచ్చి, పచ్చికట్టెలతో పొగలో కండ్లు తుడుచుకొనుచు పొయ్యి ఊదుచుండెను. “ఇంకా కాలేదా?” అని బిడ్డల యెదుట కేకలు వేసితిని. ఆమె బదులు పలుకక, ఉడికీ ఉడకని అన్నమే వడ్డించెను. ఆ రాత్రి కూటములో నా వాక్యము 1 కొరింథీయులకు 13వ అధ్యాయము. ప్రేమ దీర్ఘకాలము సహించునను చోటికి వచ్చునప్పటికి స్త్రీల వరుసలో కూర్చున్న ఆమె ముఖము కనబడి నా నోరు పెగలలేదు. గ్రంథము మూసి, సంఘము ఎదుటనే ఆమెను క్షమాపణ వేడుకొంటిని. నాటినుండి మా ఇంటికి ఎండుకట్టెలు తెచ్చుట నా పని. గ్యాసు వచ్చిన తరువాతను వాకిటి పొయ్యికి నేనే తెచ్చుచున్నాను.

పురుషులారా, ఇందులో సిగ్గుపడవలసినది లేదు. తిబెరియ సముద్రతీరమున రాత్రంతయు వలలు లాగి వచ్చిన శిష్యులకు నిప్పులు రాజేసి, చేపను రొట్టెను సిద్ధపరచినవాడు ఎవరు? మరణమును జయించిన ప్రభువే. ప్రధానయాజకుని ముంగిట బొగ్గుల మంటయొద్ద చలికాగుచు పేతురు ఆయనను ఎరుగననెను (యోహాను 18:18, 25). మరియొక బొగ్గుల మంటయొద్ద ప్రభువు అతనికి ముందుగా భోజనము పెట్టి, తరువాతనే ప్రశ్న వేసెను. ఆయన పేతురును మాడ్చివేయలేదు, చల్లార్చి విడువనులేదు. ఆయన ప్రేమ నిదానమైన నిప్పు.

కాబట్టి ఈ నెలలో ప్రతి ఇంటి పురుషుడును వారమునకు ఒక్కపూటయైనను పొయ్యియొద్ద కూర్చుండి, కట్టెలు ఎగదోయుచు, భార్యాబిడ్డలతో మాటలాడవలెనని వేడుకొనుచున్నాను. కుండ ఉడుకులోపల చాల మొండి సంగతులు మెత్తబడును. నేను చూచియున్నాను.

ప్రార్థన: ప్రభువా, మా ఆకలియందు మాకు ఓర్పు దయచేయుము. మా ఓర్పు చల్లారిపోనీయకుము. మా కొరకు పొగలో కూర్చుండువారిని చూచుటకు మా కన్నులు తెరువుము. ఆమేన్.