తాకనివ్వండి

ఇంగ్లండ్ ఉత్తరాన, రోమన్లు కట్టిన హేడ్రియన్ గోడ పక్కన, రెండు గుట్టల నడుమ ఒక సైకమోర్ చెట్టు ఉండేది. దాని కిందే కొందరు పెళ్లికి మాట ఇచ్చుకున్నారు. కొందరు అయినవాళ్ల చితాభస్మం చల్లారు. 2023 సెప్టెంబరులో ఒక రాత్రి, ఇద్దరు దాన్ని నరికేశారు.

ఇంటి పెద్దదిక్కు పోయినట్టు జనం ఏడ్చారు.

ఆ కలపను కట్టెలపాలు చేయలేదు. ఒక కళాకారిణి దాని మీద సిరా పూసి, కాగితం అద్దింది. చెట్టు వయసు వలయాలు అచ్చులో కనిపించాయి. తర్వాత కాండంలో పెద్ద ముక్కను దగ్గర్లోని సందర్శకుల కేంద్రంలో నిలబెట్టారు. దాన్ని తాకవచ్చు. కావలించుకోవచ్చు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. తాకనిచ్చారు.

మన వీధిలో గాలివానకు చెట్టు పడితే, దాన్ని ఎత్తుకెళ్లే లారీ రాకముందే ఊరి వడ్రంగిని పిలవండి. బడిపిల్లల్ని పిలవండి. వాళ్లనూ తాకనివ్వండి.