కళ్ళంలో దుద్దు పలికింది

మిరప కళ్ళంలో చెవిదుద్దు పోతే వెతకడమంటే ఏమిటో పల్నాటి వాళ్ళకి చెప్పక్కర్లేదు. ఎర్రగా పరిచిన కాయలు, తొడిమలు, ఏరి పడేసిన తాలు, వాటి కింద కాళ్ళకి నలిగి పిండయిన నల్లమట్టి. అందులో శనగగింజంత బంగారం. తాలు ఏరడానికి వచ్చిన అక్క ఒకామె పొద్దున్నుంచీ ఒంటిచెవి దుద్దుతో కూలబడి ఉంది. తోటి ఆడవాళ్ళు పదిమంది కొంగులు బిగించి, మట్టిని చేటలకెత్తి చెరుగుతున్నారు. కళ్ళాలు ఘాటెక్కే వేళకి నరసరావుపేట నుంచి మా రేడియో బాబాయ్ దిగాడు, సైకిలు మీద, భుజాన వెదురు కర్రతో.

కర్ర చివర గుండ్రంగా కోసిన ప్లైవుడ్ చెక్క. దాని అంచున, బోరు మోటార్లకు వైండింగ్ చేసే షాపులో అడిగి తెచ్చుకున్న రాగితీగ చుట్ట. పైన పాత సబ్బుపెట్టె, అందులో గుప్పెడు ట్రాన్సిస్టర్లు, 9 ఓల్టుల బ్యాటరీ, ఒక నాబు. 1980ల్లో రేడియోల రిపేర్లు బాగా నడిచిన రోజుల్లో ఆయన సొంతంగా కట్టుకున్న మెటల్ డిటెక్టర్ అది. తెర లేదు, అంకెలు లేవు, దీపం కూడా లేదు. దానికున్నదల్లా ఒక్క గొంతు.

ఆ గొంతు పుట్టే తీరు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. పద్యనాటకాల హార్మోనియంలో రెండు రీడ్లు శ్రుతి రవ్వంత తప్పితే మధ్యలో ఒక ఊగు వినపడుతుంది చూడండి, వూంయ్ వూంయ్‌మని. అచ్చంగా అదే. సబ్బుపెట్టెలో ఒక ఆసిలేటర్ తన పాటికి తాను సెకనుకు దాదాపు లక్షసార్లు ఊగుతుంటుంది. నేలను తడిమే రాగిచుట్టతో కలిసి రెండోది కూడా ఇంచుమించు అంతే ఊగుతుంది. ఆ రెండూ మన చెవికి అందేవి కావు. వాటి మధ్య తేడా మాత్రమే అందుతుంది. చుట్ట కిందికి లోహం రాగానే రెండోదాని ఊపు లక్షలో ఏ పదో ఇరవయ్యో మారుతుంది. లక్షలో ఇరవై! ఆ కాస్త తేడా పసివాడి చెవికి కూడా దొరికిపోతుంది. బంగారం, రాగి వస్తే స్వరం ఒక దిక్కుకు జరుగుతుంది, ఇనుప మేకు వస్తే రెండో దిక్కుకు. పలచటి రేకుమూత మాత్రం ఇనుమై ఉండి కూడా బంగారం లాగే పాడి మోసం చేస్తుంది. ప్రతి కచేరీలోనూ ఇలాంటి శాల్తీ ఒకటి ఉంటుందిగా.

మోసపోవడం ఈ యంత్రం వంశంలోనే ఉంది. 1881 జులై 2న అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ మీద కాల్పులు జరిగితే, ఒంట్లో గుండు ఎక్కడుందో కనిపెట్టడానికి టెలిఫోన్ అలెగ్జాండర్ గ్రాహం బెల్ తీగచుట్టల పరికరం ఒకటి పట్టుకొచ్చాడు. పరికరం పలికింది. కానీ అది అధ్యక్షుడు పడుకున్న మంచంలోని స్ప్రింగులకు కూడా పలికింది. పైగా వైద్యుడు కుడివైపే వెతకనిచ్చాడు, గుండేమో ఎడమవైపు ఉంది. సెప్టెంబరు 19న అధ్యక్షుడు పోయాడు. యంత్రం అబద్ధం చెప్పలేదు, చెప్పిన నిజం ఎవరికీ అర్థం కాలేదు.

బాబాయ్ కర్రకు వంకలు లేవనను. రెంటచింతల ఎండ సంగతి తెలిసిందే. ఆ ఎండలో పది నిమిషాలు తిప్పితే చాలు, పెట్టె వేడెక్కి, లోహమేమీ లేకుండానే స్వరం జారిపోతుంది. మళ్ళీ నాబు తిప్పి శ్రుతి చేసుకోవాలి. ఇనుము పాలు ఎక్కువైన ఎర్రనేల మీద ఊరికే మూలుగుతుంది. పిడుగురాళ్ళ, దాచేపల్లి వైపు సున్నపురాతి నేల మీద మాత్రం గుడిలో కూర్చున్నట్టు నిశ్శబ్దంగా ఉంటుంది, చిన్న రాగిముక్క తగిలినా వినిపిస్తుంది. ఇప్పటి డిజిటల్ యంత్రాలకు ఈ బాధలు లేవు. అవి నేల గుణాన్ని లెక్కగట్టి తీసేస్తాయి, వస్తువేమిటో అంకె వేసి చూపిస్తాయి, రేకుముక్కలొద్దంటే వాటిని మింగేసి ఊరుకుంటాయి. ఉన్న తిరకాసంతా అక్కడే. సన్నటి బంగారమూ నలిగిన అల్యూమినియం రేకూ వాటి లెక్కలో పక్కపక్క అంకెలే. రేకు వద్దన్నవాడికి దుద్దు కూడా దొరక్కుండా పోవచ్చు. పాత కర్రకు వడపోత రాదు, అన్నీ చెబుతుంది. పనికిరానిదేదో మనమే తేల్చుకోవాలి.

ఈ కర్ర ఊళ్ళో కనపడితే చాలు, ఎవరో ఒకరు గొంతు తగ్గించి అడిగేది లంకెబిందెల గురించే. బాబాయ్ నవ్వేవాడు. "దీనికి దుద్దయితే నాలుగు వేళ్ళ లోతు, రూపాయి బిళ్ళయితే జానెడు. పెద్ద బిందె అయినా మూరెడు దాటితే మూగే. ముప్పై అడుగులు చూసే మిషనుందని చెప్పేవాడికి నీ డబ్బు కనపడుతుందిరా అబ్బాయ్, బిందె కాదు." ఆ మాట నమ్మని వాళ్ళే రాత్రిళ్ళు పాడుబడ్డ గుళ్ళ మీద పడి, నంది కింద తవ్వి, వందల ఏళ్ళ రాతిపనిని పగలగొట్టి పోతున్నారు. 1878 నాటి నిధుల చట్టం ఇంకా బతికే ఉంది. భూమిలో దొరికినదాని విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకు చెప్పి తీరాలి. దాచితే వాటా పోతుంది, జైలు కూడా పడుతుంది.

నిజానికి పల్నాటి నేల ఇచ్చిన అందమైన బంగారం ఏ యంత్రానికీ పలకలేదు. 1927 నుంచి 1931 వరకు పురావస్తు శాస్త్రవేత్త లాంగ్‌హర్స్ట్ నాగార్జునకొండ లోయలో తవ్వించినప్పుడు మహాచైత్యంలో బయటపడ్డది ముప్పాతిక అంగుళం వెడల్పు బంగారు భరిణె. దాని లోపల ఒక ఎముక ముక్క. భరిణె చుట్టూ స్తూపం ఆకారంలో చిన్న వెండి కరండం, అందులోనే బంగారు పూలు, ముత్యాలు, పూసలు. ఏ కర్ర దాని మీదుగా తిరిగినా "లోహం" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకునేది. అది ఎక్కడ, దేని పక్కన, ఏ పొరలో ఉందో చెప్పింది ఓపికగా మట్టి తీసిన చేతులు. పాత యంత్రమైనా కొత్త యంత్రమైనా అలాంటి చోట్ల కాలు పెట్టకూడదు. దాని పొలిమేర కళ్ళం, చేను, ఇంటి పెరడు.

ఆ పొలిమేరలో మాత్రం దానికి సాటి లేదు. ఆ సాయంత్రం బాబాయ్ కళ్ళాన్ని తాడు పరిచి గళ్ళు గళ్ళుగా విడగొట్టాడు. నేలకు తగిలీ తగలనట్టు చుట్టను కొడవలి విసిరినట్టు మెల్లగా అటూ ఇటూ ఊపుతూ నడిచాడు. ఆడవాళ్ళు మాటలు మానేశారు. వూంయ్‌మనే ఆ సన్నటి ఊగు ఒక్కటే కళ్ళమంతా. అంతలో స్వరం తుళ్ళింది. తవ్వితే మేకు. మళ్ళీ తుళ్ళింది, సీసా మూత. తర్వాత గొర్రు నుంచి రాలిన నట్టు, గుట్కా పొట్లం రేకు, సైకిలు బేరింగు గోళీ. ప్రతిదాన్నీ ఆయన తుడిచి చొక్కా జేబులో వేసుకున్నాడు, మళ్ళీ అదే మోసం చేయకుండా. పదిహేడోసారో పద్దెనిమిదోసారో పలికినప్పుడు స్వరం సన్నగా, సిగ్గుపడుతున్నట్టు పైకి లేచి ఆగింది. "ఆగమ్మా, కాలెత్తకు" అన్నాడు.

పురుగుమందు పొట్లం రేకు ఒకటి వచ్చింది. అక్క మొహం వాడింది. బాబాయ్ ఆ గుంట మీదే మళ్ళీ చుట్ట తిప్పాడు. ఇంకా పలుకుతోంది. రెండు వేళ్ళు మట్టిలోకి పోనిచ్చి, రేకు పడున్న చోటునుంచే దుద్దు తీశాడు.

కాబట్టి, మీ అటక మీద పాత డిటెక్టర్ ఉంటే తూకానికి వేయకండి. ముందు దాని బ్యాటరీ తీసేయండి. కారిన బ్యాటరీ లోపలి తీగల్ని తినేస్తుంది.