అలీ గొప్పతనం, ఫ్రేజియర్ చెల్లించిన మూల్యం

విల్లియనూరు



బాక్సర్ మహమ్మద్ అలీ 1980 జనవరి చివర్లో భారతదేశానికి వచ్చాడు. ఢిల్లీలో మన సైన్యానికి చెందిన హెవీవెయిట్ బాక్సర్ కౌర్ సింగ్‌తో ప్రదర్శన పోటీ ఆడాడు. మద్రాసు నెహ్రూ స్టేడియంలో మాజీ చాంపియన్ జిమ్మీ ఎల్లిస్‌తో తలపడ్డాడు. ముఖ్యమంత్రి ఎం.జి.రామచంద్రన్ కూడా ఆ కార్యక్రమంలో పాల్గొన్నారు. తరతరాలుగా బాక్సింగ్ పరంపరలు నడుపుకొస్తున్న ఉత్తర మద్రాసుకు అలీ పరాయివాడు కాడు. అతను మహానుభావుడా, నోటి దురుసు మనిషా అన్న వాదన మాత్రం నేటికీ తెగలేదు.

ఆటలో అతని స్థానం గురించి పెద్దగా వాదించాల్సింది లేదు. 1964లో, 22 ఏళ్ల వయసులో సోనీ లిస్టన్‌ను ఓడించి చాంపియన్ అయ్యాడు. 1974లోనూ, 1978లోనూ ఆ పట్టం మళ్లీ గెలుచుకున్నాడు. అసలు పరీక్ష బరి బయట ఎదురైంది. వియత్నాం యుద్ధ కాలంలో, 1967 ఏప్రిల్ 28న, హ్యూస్టన్‌లో సైన్యంలో చేరడానికి నిరాకరించాడు. పట్టం పోయింది, లైసెన్సులు పోయాయి, అయిదేళ్ల జైలుశిక్ష పడింది. అప్పీలు నడుస్తుండగా దేశం విడిచి పోలేదు, మాట మార్చుకోలేదు. 1971లో సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టేసేసరికి, బాక్సర్ ఒంట్లో సత్తువ నిండుగా ఉండే మూడున్నరేళ్లు బరికి దూరంగా గడిచిపోయాయి. తన నమ్మకానికి పూర్తి మూల్యం తానే చెల్లించాడు. అందుకే ఆ ధైర్యాన్ని ఎవరూ తక్కువ చేయలేరు.

అలీ ప్రత్యర్థి, బాక్సర్ జో ఫ్రేజియర్ విషయానికి వస్తే మూల్యం మరొకరు చెల్లించారు. అలీకి లైసెన్సు లేని రోజుల్లో, అతన్ని మళ్లీ ఆడనివ్వాలని అతని తరఫున మాట్లాడినవాళ్లలో ఫ్రేజియర్ ఒకడు. దక్షిణ కరోలినాలో పేద రైతుకూలీల ఇంట పుట్టి, ఫిలడెల్ఫియా కబేళాలో పనిచేసి పైకొచ్చిన మనిషి. అలాంటివాణ్ని అలీ తెల్లవాళ్ల తొత్తు అన్నాడు, గొరిల్లా అన్నాడు. 1975లో మనీలాలో ఇద్దరి మధ్య పోటీకి ముందు విలేకరుల ఎదుట జేబులోంచి చిన్న రబ్బరు గొరిల్లా బొమ్మ తీసి, ప్రాస కట్టి పాడుతూ దాన్ని గుద్దాడు. అందరూ నవ్వారు. ఫ్రేజియర్ పిల్లలు మాత్రం ఆ మాటల వల్ల బడిలో వేధింపులు పడ్డారు. నల్లజాతి గౌరవం కోసం పోరాడిన మనిషి, తెల్లవాళ్లు తరతరాలుగా వాడిన తిట్టునే ఒక నల్లవాడి మీద ప్రయోగించాడు. టిక్కెట్లు అమ్ముకోవడానికి అన్నాడని సర్ది చెప్పేవాళ్లున్నారు. ఆ సమర్థన చెల్లదు. టిక్కెట్ల లాభం ఇద్దరికీ దక్కింది కానీ అవమానం ఒక్కరికే మిగిలింది.

మనీలాలో పద్నాలుగు రౌండ్లు అయ్యేసరికి ఫ్రేజియర్‌కు చూపు దాదాపు ఆనడం లేదు. అతని శిక్షకుడు ఎడ్డీ ఫచ్ చివరి రౌండుకు లేవనివ్వలేదు. దెబ్బలు మానాయి గానీ మాటలు మానలేదు. 1996లో అట్లాంటాలో వణికే చేతితో అలీ ఒలింపిక్ జ్యోతి వెలిగిస్తుంటే లోకం కన్నీళ్లు పెట్టింది. ఫ్రేజియర్ అప్పుడు కూడా కటువుగానే మాట్లాడాడు. 2001లో అలీ ఒక పత్రిక ద్వారా క్షమాపణ చెప్పాడు, 2011లో ఫ్రేజియర్ అంత్యక్రియలకు వెళ్లాడు. ఆ క్షమాపణ వచ్చేసరికే పాతికేళ్లకు పైగా గడిచిపోయాయి. జైలుకు వెరవని గుండె ఉంది కాబట్టి నోటి క్రూరత్వాన్ని మాఫీ చేయాలనడం ఎంత తప్పో, నోరు చెడ్డది కాబట్టి ఆ గుండె కూడా నటనే అనడం అంతే తప్పు. ఒకదానితో మరొకటి చెల్లు కాదు.

1980 పర్యటనలోనే జరిగిన మరో సంగతి అంతగా ప్రచారంలో లేదు. మాస్కో ఒలింపిక్స్ బహిష్కరణకు ఆఫ్రికా దేశాల మద్దతు కూడగట్టమని అమెరికా అధ్యక్షుడు కార్టర్ అలీని పంపించాడు. అతను భారతదేశం నుంచి టాంజానియా వెళ్లాడు. ఒక బాక్సర్‌ను రాయబారిగా పంపడం అవమానంగా భావించిన అధ్యక్షుడు నైరేరే అతన్ని కలవనే లేదు. 1976లో ఆఫ్రికా దేశాలు ఒలింపిక్స్‌ను బహిష్కరించినప్పుడు అమెరికా ఎందుకు తోడు రాలేదని అక్కడి విలేకరులు నిలదీశారు. ఆ సంగతి తనకు తెలియదని, తెలిసుంటే వచ్చేవాణ్ని కాదేమోనని అలీ అందరి ముందూ ఒప్పుకున్నాడు. దౌత్యం దెబ్బతిన్నా, తెలియనిది తెలియదనడం చిన్న విషయం కాదు.

మద్రాసు జనం చూసినప్పటికి అతనికి 38 ఏళ్లు. అదే ఏడాది అక్టోబరులో లారీ హోమ్స్ చేతిలో ఘోరంగా దెబ్బలు తిన్నాడు. అలీ డాక్టర్ ఫెర్డీ పచేకో 1977లోనే ఇక ఆట చాలించమని చెప్పి, వినకపోయేసరికి తప్పుకున్నాడు. 1984లో పార్కిన్సన్ ఉన్నట్టు వైద్యులు తేల్చారు. ఆగాల్సిన చోట ఆగకపోవడమనే ఈ తప్పులో అలీ పట్టుదలతో పాటు డబ్బు పెట్టినవాళ్లకూ, టిక్కెట్టు కొన్నవాళ్లకూ భాగముంది.

ఢిల్లీలో అలీతో తలపడిన కౌర్ సింగ్ 1982 ఆసియా క్రీడల్లో హెవీవెయిట్ స్వర్ణం గెలిచాడు. అర్జున, పద్మశ్రీ అందుకున్నాడు. 1984 ఒలింపిక్స్‌లో ఆడాడు. వృద్ధాప్యంలో గుండె జబ్బు వైద్యానికి అప్పు చేయాల్సి వచ్చింది. పత్రికల్లో వచ్చాకే సాయం అందింది. 2023 ఏప్రిల్ 27న కన్నుమూశాడు. అలీ గురించి తెల్లవారుజాము దాకా వాదించే యువకులు ఈ పేరు కూడా తెలుసుకోవాలి. అలీ మంచిచెడ్డలు తేల్చడానికి లోకమంతా ఉంది. కౌర్ సింగ్‌ను తలచుకోవాల్సింది ఈ దేశమే.

ఇట్లు
తాతయ్య